స్టంట్ విమానంలో 70 మిల్లీమీటర్ల డక్టెడ్ ఫ్యాన్: 40 ఫ్లైట్ల తర్వాత

కంట్రోల్ లైన్ స్టంట్ విమానాన్ని, అంటే చేత్తో పట్టుకున్న తీగలతో మన చుట్టూ తిప్పుతూ విన్యాసాలు చేయించే నమూనా విమానాన్ని, ప్రొపెల్లర్ లేకుండా ఎగరేయాలన్న కోరికతో 70 మిల్లీమీటర్ల, 12 రెక్కల ఎలక్ట్రిక్ డక్టెడ్ ఫ్యాన్ (గొట్టంలో తిరుగుతూ గాలిని వెనక్కి విసిరే ఫ్యాన్) ఒకటి తెప్పించి, దాని చుట్టూ 1.6 కిలోల బాల్సా విమానం కట్టి, ఇప్పటికి 40 ఫ్లైట్లు పూర్తి చేశాను. తయారీదారు పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే మంచిచెడ్డలు ఈ పరిమాణంలోని ఫ్యాన్లకు చాలావరకు ఉమ్మడివే.

ఫ్యాన్ పనితనానికి వంక పెట్టలేను. రెక్కల కొసలకూ చుట్టూ ఉన్న షెల్‌కూ నడుమ కాగితం ముక్క జొనిపి రోటరును చేత్తో తిప్పి చూస్తే, అంతటా ఒకే బిగువుతో కదిలింది. త్రాసు మీద కొలిచినప్పుడు మాత్రం థ్రస్ట్ (ముందుకు తోసే బలం) పెట్టె మీద రాసినదానికంటే పదో వంతు తక్కువ తేలింది. అందుకు నేను పెద్దగా బాధపడలేదు; స్టంట్‌కు ముఖ్యమైనది నిలకడైన వేగం, దాని సంగతి ఏ పెట్టె మీదా రాసి ఉండదు.

అసలు కష్టం డక్టు దగ్గర మొదలైంది. తీగల లాగుడును ఎలివేటర్‌కూ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) ఫ్లాపులకూ (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) అందించే బెల్‌క్రాంక్ మామూలుగా విమానం నడిమధ్యన ఉంటుంది, గాలిగొట్టం పోవలసిన దారీ అదే. గొట్టంలో ఏది అడ్డుపడినా థ్రస్ట్ తగ్గుతుంది కనుక, బెల్‌క్రాంక్‌ను పైలట్ వైపు రెక్కలోకి జరిపి, అక్కడినుంచి తోకకు పోయే పుష్‌రాడ్‌ను గొట్టం పక్కనుంచి తీసుకెళ్లాను. 20 మీటర్ల తీగలతో చుట్టుకు 5.2 సెకన్ల చొప్పున తిరిగే విమానం తన బరువుకు దాదాపు 3 రెట్ల బలంతో చేతిని లాగుతుంది కాబట్టి, ఆ బిగింపును ప్లైవుడ్‌తో రెక్క స్పార్‌కే (రెక్క పొడవునా ఉండే దూలానికే) కట్టవలసి వచ్చింది.

ఫ్యాన్ నడిమి బొడ్డు తీసేస్తే గాలి దూరే వైశాల్యం సుమారు 31 చదరపు సెంటీమీటర్లు. ముందు ద్వారం అంతకు తగ్గకూడదు, వెనక ద్వారం అందులో 90 శాతం దాకా కుదించాలి, అంటే 6 సెంటీమీటర్ల వ్యాసం. ఆ లెక్కను పట్టించుకోకుండా నేను మొదట 7 సెంటీమీటర్ల గొట్టాన్నే చివరిదాకా ఉంచేశాను. చుట్టు 6 సెకన్లకు సాగింది, తల మీది విన్యాసాల్లో తీగలు వదులయ్యాయి. వెనక ద్వారాన్ని కుదించే కోన్ అతికించాక గాని ఆ బెడద తీరలేదు.

గాలిలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. 28 సెంటీమీటర్ల ప్రొపెల్లర్ తిరిగే చక్రం ఈ ఫ్యాన్ వైశాల్యానికి దాదాపు 20 రెట్లు. అది ఎక్కువ గాలిని నెమ్మదిగా తోస్తుంది కనుక, విమానం కిందికి దిగుతూ వేగం పుంజుకోగానే దాని థ్రస్ట్ తగ్గి బ్రేకులా పట్టి ఉంచుతుంది. ఫ్యాన్ కొంచెం గాలినే చాలా వేగంగా విసురుతుంది, అందువల్ల దిగుతున్నా ఎక్కుతున్నా థ్రస్ట్ పెద్దగా మారదు. చతురస్రపు లూపులో ప్రతి దిగుడుకూ విమానం దూకుడు పెరుగుతుంది. ముక్కు పైకి లేస్తే పవర్ పెంచి, కిందికి వంగితే తగ్గించే టైమర్ పెట్టాను గాని, రోటరు వేగం అందుకోవడానికి పట్టే ఆ క్షణం చేతికి తెలుస్తూనే ఉంది. పదునైన మలుపుల్లో మాత్రం ఫ్యాన్‌దే పైచేయి: పెద్ద ప్రొపెల్లర్ గైరోస్కోపు గుణంతో ముక్కును పక్కకు లాగినట్లు ఇది లాగదు.

బ్యాటరీ విషయంలో ఇది తిండిపోతు. 4 సెల్స్, 4000 ఎం.ఏ.హెచ్. ప్యాక్‌లో 80 శాతమే వాడితే 47 వాట్ అవర్లు వస్తాయి, 6 నిమిషాల్లో అదంతా ఖర్చయిపోతుంది.

టేకాఫ్‌కు నున్నటి నేల ఉండాలి. తోకకు ప్రొపెల్లర్ గాలి తగలదు కనుక విమానం పరుగందుకునేదాకా ఎలివేటర్ మాట వినదు, ఈలోగా చిన్న చక్రాలు గడ్డిలో ఇరుక్కుంటాయి. ఒకసారి ఎండుగడ్డి పరక ఒకటి లోపలికి పోయి ఫ్యాన్ రెక్క అంచును గీరింది. అప్పటినుంచి ప్రతి ఫ్లైట్‌కు ముందు ఆ కాగితం ముక్కతోనే రోటరు చుట్టూ తడిమి చూసుకుంటున్నాను.