స్పాయిలర్ తీసేసిన డిక్కీకి రబ్బరు బిరడాలు: సముద్రపు గాలిలో కొన్నేళ్ల వాడకం తరువాత

విశాఖ లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి కూతవేటు దూరంలో, ఏడాది పొడవునా ఆరుబయటే నిలిపి ఉంచే తెల్లని సెడాన్ కారు మాది. పాత యజమాని దాని డిక్కీ మూతకు రంధ్రాలు చేయించి బిగించుకున్న, రెక్కలాంటి స్పాయిలర్‌ను తీసేసి, మిగిలిన నాలుగు బోల్టు రంధ్రాలనూ, బ్రేక్ లైటు వైరు కోసం చేసిన అయిదో రంధ్రాన్నీ రబ్బరు బిరడాలతో మూశాను. ఆ తరువాత కొన్ని వానాకాలాలు గడిచాయి కనుక, ఈ పద్ధతి ఎంతవరకు నిలిచిందో ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

తీయడానికి కారణం అందం కాదు. స్పాయిలర్ కాళ్ల కింద వాననీరు నిలిచి, ఆరి, ఉప్పు పేరుకుని, చుట్టూ పెయింటు పొక్కులు లేవడం మొదలైంది. దాని వల్ల కలిగే వాయుబలం ఊళ్లో తిరిగే వేగాల్లో లెక్కలోకి రాదు. తీసేశాక జాతీయ రహదారి 16 మీద శ్రీకాకుళం వైపు వెళ్లినప్పుడు కూడా బండి నడకలో నాకు తేడా ఏమీ తెలియలేదు.

తీయడం తేలికే. డిక్కీ మూత లోపలి అట్టను ఊడదీస్తే నట్లు కనిపిస్తాయి, సాకెట్ పానాతో వచ్చేస్తాయి. అసలు పట్టు కాళ్ల కింది డబుల్ సైడ్ టేపుది. మన విశాఖ మే నెల ఎండలో మధ్యాహ్నం దాకా ఉంచితే ఆ టేపు మెత్తబడుతుంది. అప్పుడు ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికే నైలాన్ గాలపు దారాన్ని కాలి కిందికి దూర్చి, రంపంలా అటూ ఇటూ లాగితే పెయింటుకు గీత పడకుండా తెగిపోతుంది. కాళ్లు ఆనిన చోట రంగు కొత్తగానూ, చుట్టూ కొంచెం వెలిసినట్టుగానూ కనిపించింది. కాంపౌండు పాలిష్‌తో ఆ తేడా చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు.

అసలు పని ఇక్కడి నుంచే మొదలవుతుంది. చాలామంది రంధ్రం మూయడం గురించే ఆలోచిస్తారు గానీ, కాపాడుకోవలసింది రంధ్రం అంచును. డ్రిల్లు వేసినప్పుడే అక్కడి పెయింటూ, దాని కింది ప్రైమరూ పోయి, పచ్చి ఇనుము గాలికి బయటపడుతుంది. బోల్టులు తీసి చూస్తే రెండు రంధ్రాల చుట్టూ గోధుమ రంగు తుప్పు వలయాలు ఉన్నాయి. వాటిని సన్నని ఎమరీ పేపరుతో మెరుపు వచ్చేదాకా రాచి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉండే తుప్పు ద్రావణం పూసి, కడిగి, పూర్తిగా ఆరనిచ్చాక, సన్నని కుంచెతో ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు, ఆపైన టచప్ పెయింటు వేశాను. ఆ తరువాతే ఈపీడీఎం అనే, ఎండావానలకు తట్టుకునే రకం రబ్బరు బిరడాలను సీలెంట్ పూసి నొక్కాను. సీలెంట్ విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి: వినెగర్ వాసన కొట్టే మామూలు సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, అది పచ్చి ఇనుమును తినేస్తుంది. ఆ ఆమ్లాన్ని వదలని న్యూట్రల్ సిలికాన్ గానీ, కార్లకు వాడే పాలీయురెథేన్ సీలెంట్ గానీ అడిగి తీసుకోవాలి.

అక్టోబరు, నవంబరు వాయుగుండాల్లో వాన అడ్డంగా కొట్టే రాత్రుల తరువాత కూడా డిక్కీ లోపల తడి కనిపించలేదు. ఈ మధ్య పరీక్ష కోసం ఒక బిరడాను ఊడబెరికి చూశాను. అంచు మీద పెయింటు చెక్కుచెదరలేదు; పాత తుప్పు వలయం ఉన్న చోట కూడా గోటితో గీకితే ఏమీ రాలలేదు. లోపలివైపు వేలు పెట్టి తడిమితే సీలెంట్ ఇంకా మెత్తగా, సాగుతూనే ఉంది.

గాజువాక ఆటోనగర్‌లో టింకరింగ్ చేసే ఒక పెద్దాయన మొదట్లో, "బాబూ, రేకు ముక్క పెట్టి వెల్డింగ్ చేసి, పుట్టీ పెట్టి రంగు వేసేస్తే రంధ్రం ఉందని కూడా ఎవరికీ తెలీదు" అన్నారు. కంటికి అదే అందమైన దారి, అందులో సందేహం లేదు. అయితే ఇనుము కరగాలంటే సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. రేకు మీద జింకు పూత ఉంటే అది 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది, చుట్టూ ఉన్న పెయింటు అంతకన్నా ముందే మాడిపోతుంది. బయటివైపు మళ్లీ రంగు వేయవచ్చు. డిక్కీ మూత రెండు రేకుల పెట్టె కాబట్టి, కుంచె అందని లోపలివైపు మాత్రం ఇనుము పచ్చిగా మిగిలిపోతుంది, మన ఉప్పు గాలి అక్కడే పని మొదలుపెడుతుంది. మూతకు ఎలాగూ పూర్తిగా రంగు వేయించేవారూ, అంచులను తుప్పు తినేసి రంధ్రాలు పెద్దవైనవారూ వెల్డింగ్ చేయించుకోవచ్చు. కానీ లోపలికి పైపుతో క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా లోపలి ఖాళీల్లో చిమ్మే మైనం) కొట్టించకుండా బండిని తెచ్చుకోవద్దు. రేకు పెట్టకుండా పుట్టీ ఒక్కటే కూరితే మాత్రం, మూత దబ్బున వేసినప్పటి అదురుకు అది పగులుతుంది.

బిరడాలకు లోపాలు లేకపోలేదు. తెల్లని బండి మీద అయిదు నల్లని చుక్కలు దగ్గరికి వస్తే కనిపిస్తాయి. వాటి మీద రంగు వేయించినా నిలవదు, రబ్బరు వంగిన ప్రతిసారీ పెయింటు పెచ్చులుగా లేస్తుంది. ఎండ ఎక్కువగా పడే వైపు బిరడా పెదవి కొంచెం గట్టిపడి బూడిద రంగుకు తిరిగింది. సర్వీసింగులో ప్రెషర్ గొట్టాన్ని మరీ దగ్గరగా పెట్టినప్పుడు ఒకటి అంచు లేచింది కూడా. దాన్ని మార్చడానికి పట్టిన ఖర్చు కొన్ని పదుల రూపాయలే. కొనేటప్పుడు రంధ్రం వ్యాసంతో పాటు బిరడా గాడి వెడల్పు కూడా చూడాలి, ఎందుకంటే డిక్కీ రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు, గాడి వదులుగా ఉంటే ఏ సీలెంటూ దాన్ని పట్టి ఉంచలేదు.