థీమ్ పార్కు పక్క ప్లాటు: పదేళ్ల తర్వాత మళ్లీ సైట్ విజిట్

ముందే చెప్పేస్తాను, భోజనం బాగుంది. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ప్లాట్లు అమ్మే కంపెనీవాళ్లు గుంటూరు లాడ్జి సెంటర్లో ఏసీ బస్సు ఎక్కించుకున్నారు. తాడికొండ దాటాక వెంచర్ చూపించి, షామియానా కింద అన్నం పెట్టి, మూడున్నరకి మళ్లీ అక్కడే దించారు. పైసా అడగలేదు. గోంగూర పచ్చడి ఇంట్లో రోట్లో నూరినట్టే ఉంది. పూర్ణం బూరె విరిచేలోపే అందులో నెయ్యి పోశాడు వడ్డించే కుర్రాడు.

థీమ్ పార్కు మాత్రం కనపడలేదు.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఇదే కంపెనీ దగ్గర 2016లో 150 గజాలు కొన్నాను, సీసీఎస్‌లో, అంటే మా ఆర్టీసీ ఉద్యోగుల పరపతి సంఘంలో, లోను పెట్టి మరీ. కంపెనీ పేరు రాయను, నా ప్లాటు ఇంకా అక్కడే ఉంది కదా. అప్పట్లో అంతా రాజధాని ఊపు. 2015 అక్టోబరులో ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. అమరావతిలో తొమ్మిది నగరాలు వస్తాయి, అందులో టూరిజం నగరం ఒకటి అన్నారు. వీళ్ల వెంచర్ రాజధాని గ్రామాల బయటే అయినా, మాకూ ఓ పార్కు ఉంటుందని బ్రోచర్లో వేశారు. జెయింట్ వీల్, వేవ్ పూల్, నోరు తెరిచిన డైనోసార్. ‘మీ ప్లాటు నుంచి 5 నిమిషాల నడక’ అని రాశారు. మా మనవరాలు అప్పుడు ఉయ్యాల్లో ఉంది. ఇప్పుడు ఐదో తరగతి.

2019 చివర్లో మూడు రాజధానుల మాట రాగానే కంపెనీ ఆఫీసులో ఫోను ఎత్తేవాళ్లు కూడా లేకుండా పోయారు. 2024లో గాలి మళ్లింది. 2025 మే 2న ప్రధాని వచ్చి రాజధాని పనులు మళ్లీ మొదలుపెట్టారు. వీళ్లు వెంటనే ఫేజ్-2 బ్రోచర్ కొట్టించారు. డైనోసార్ అదే, కాకపోతే పచ్చరంగు పోయి ఎర్రరంగు వచ్చింది.

ఈసారి కొందామని ముచ్చటపడింది మా బావమరిది. ‘బావా, నువ్వు పక్కన ఉంటే ధైర్యం’ అంటే వెళ్లాను.

బస్సులో ఎగ్జిక్యూటివ్ కుర్రాడు మైకు పట్టుకున్నాడు. మర్యాదస్తుడే, అందర్నీ అంకుల్, ఆంటీ అంటూ నీళ్ల సీసాలు పంచాడు. లాం ఫారం దాటుతుంటే ‘పార్కు పనులు వచ్చే దసరాకి మొదలు’ అన్నాడు. 2016లో ఇదే రోడ్డు మీద, ఇంచుమించు ఇదే చోట, ఇంకో కుర్రాడు సంక్రాంతికి అన్నాడు.

సైట్లో పెద్ద ఆర్చి ఉంది, దానికి కొత్తగా రంగేశారు. లోపల 40 అడుగుల రోడ్డుకి కంకర పోశారు, కరెంటు స్తంభాలున్నాయి, తీగల్లేవు. పార్కు స్థలం అని చూపించిన చోట తుమ్మచెట్లు, ఓ బోర్డు, ఓ సిమెంటు ఏనుగు. ఏనుగు తొండం విరిగితే ఇనప ఊచ బయటికొచ్చింది. పిల్లలు దాని మీదకెక్కి ఫొటోలు దిగుతున్నారు. నేను చూసినంతలో ఆ వెంచర్లో నడుస్తున్న రైడ్ అదొక్కటే.

నేల నల్లరేగడి. అంతకు ముందు రోజు జల్లు పడిందేమో చెప్పులకి కిలో మట్టి అంటుకుంది. ఈ నేలలో గుంజ పాతినా ఎండాకాలం పగుళ్లకి పక్కకి ఒరుగుతుంది. జెయింట్ వీల్ నిలబెట్టాలంటే పునాదికే ఎంత పొయ్యాలో! పైగా ఈ ప్రాంతానికి కొండవీటి వాగు బెడద పాతదే. ఆ నీటిని కృష్ణలోకి ఎత్తిపోయడానికే 2018లో ఉండవల్లి దగ్గర పంపులు పెట్టారు. ఇవి నేను అడిగితే కుర్రాడు ‘టెక్నికల్ టీం చూసుకుంటుంది అంకుల్’ అన్నాడు.

అసలు పార్కు వస్తుందా రాదా? నా బుర్రకి తెలిసిన లెక్క ఓఆర్ ఒక్కటే. ఆర్టీసీలో బస్సు ఎంత నిండిందో చెప్పే లెక్క అది. ఆదివారం నిలబడటానికి చోటుండదు, మంగళవారం మధ్యాహ్నం సర్వీసులో డ్రైవరూ నేనూ కబుర్లు చెప్పుకుంటూ పోతాం. డీజిల్ మాత్రం రెండు రోజులూ ఒకటే తాగుతుంది. పార్కూ అంతే. నీళ్లు శుభ్రం చేసే మోటార్లు, జీతాలు, రైడ్ల తనిఖీలు జనం రాలేదని ఆగవు. హైదరాబాద్‌లో 2016లో వండర్‌లా కంపెనీ పార్కు తెరిచింది. ఆ నగరంలో 2011 జనాభా లెక్కల్లోనే 67 లక్షల పైన. అదే లెక్కల్లో విజయవాడ పది లక్షల పైన, గుంటూరు ఆరు లక్షల పైన. రెండూ కలిపినా అందులో నాలుగో వంతు దగ్గరే ఆగుతాం. మనకి పార్కు రాకూడదని కాదు, వారం మధ్యలో టిక్కెట్లు ఎవరికి కొడతారో ముందు చెప్పాలి.

ఆలస్యమైన ప్రతిదీ మోసం అని కూడా అనను. చెన్నైలో ఆ వండర్‌లావాళ్లే స్థలం కొని పార్కు కట్టకుండా ఏళ్ల తరబడి ఆగారు, వినోదపు పన్ను దగ్గర పేచీ. చివరికి 2025 డిసెంబరులో తెరిచారు, 600 కోట్ల పైన ఖర్చుపెట్టి. అక్కడ స్థలం పార్కు నడిపేవాళ్లదే, పెట్టుబడీ వాళ్లదే, ఆగిన కారణమూ పేపర్లో వచ్చింది. మా వెంచర్లో ఎవరు నడుపుతారని అడిగితే ‘ముంబై పార్టీతో మాటలు నడుస్తున్నాయి’ అన్నారు. డబ్బు ఎక్కణ్నుంచి అంటే ప్లాట్లు అమ్ముడుపోతే అన్నారు. అంటే డైనోసార్‌కి మేత మా బావమరిదే.

కొనాలనుకునేవాళ్లు ఓ పని చెయ్యండి. లేఅవుట్‌కి అనుమతి ఉందని చెప్పే ఎల్పీ నంబరు, రియల్ ఎస్టేట్ మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ రెరా ఇచ్చే నంబరు అడిగి తీసుకోండి. బ్రోచర్‌ని పారెయ్యొద్దు. రెరా చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రకటనలోనో బ్రోచర్లోనో తప్పుడు మాట చెప్పి డబ్బు కట్టించుకుంటే, దానివల్ల నష్టపోయినవాళ్లకి పరిహారం ఇవ్వాలి. అది 2017 మే నుంచి అమల్లోకి వచ్చింది, నా రిజిస్ట్రేషన్ అంతకుముందే అయిపోయింది. పార్కు మాట అగ్రిమెంటులో రాయమంటే కుర్రాడు మేనేజరు వైపు చూశాడు, మేనేజరు ఏనుగు వైపు చూశాడు. ఆ పార్కు బొమ్మ కిందే ‘చిత్రం ఊహాత్మకం’ అని చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. కళ్లజోడు తీసుకెళ్లండి.

బస్సుకి అయిదుకి అయిదు. డ్రైవరు గుంతలు చూసి నడిపాడు, మా డిపోలో ఉండాల్సిన మనిషి. భోజనానికి నాలుగు, చారు చల్లారింది. పార్కుకి మార్కులు వెయ్యడానికి ఏదన్నా కట్టాలి కదా.

బావమరిది టోకెన్ పదివేలు కడదామని జేబులో పెట్టుకొచ్చినవాడు, బూరెలు తిని పాతికేళ్ల పరిచయం ఉన్నట్టు మేనేజరుతో చెయ్యి కలిపి, డబ్బు తీయకుండానే బస్సెక్కాడు. వాడికి అంత తెలివి ఉందని నేననుకోలేదు.

నా సంగతి వేరు. తిరిగొచ్చే ముందు నా ప్లాటు దగ్గరికి వెళ్లి చూస్తే నాలుగు హద్దురాళ్లలో మూడే కనపడ్డాయి. తూర్పు వైపుది తుమ్మల్లో పూడిపోయిందో, ఎవరన్నా పీకేశారో. వచ్చే ఆదివారం మళ్లీ విజిట్ ఉందట. సీటు చెప్పించుకున్నాను, పలుగు, తెల్లరంగు డబ్బా పట్టుకెళ్తున్నా. బస్సు ఎలాగూ ఊరికే.