గీత లేని డ్యాంపర్ కొనొద్దు: రబ్బరుతో పడ్డ పాట్లు, విస్కస్‌తో నా అనుభవం

లారీ ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ వణుకుని తగ్గించే డ్యాంపర్ ఉంటుంది కదా, అందులో లోకల్ రబ్బర్ రకం మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు, ముందే చెప్పేస్తున్నా. రబ్బరు పాడైనందుకు కాదు ఆ కోపం. రబ్బరు అన్నాక ఏదో ఒక రోజు పోతుంది. పోతున్నానని చెప్పడానికి దాని మీద ఒక గీత ఉండాలి, ఆ గీత లేకుండా అమ్ముతున్నారే, అందుకు.

నాది 5.9 లీటర్ల సిక్స్ సిలిండర్ బండి, పాత మెకానికల్ పంపు. హుజూర్‌నగర్ వైపు నుంచి హైదరాబాద్‌కి సిమెంట్ లోడు, ఎక్కువగా హైవే మీదే. ఇంజిన్ పని చేయించినప్పుడు పాత డ్యాంపర్ తీసేసి కొత్తది వేశారు, బిల్లులో దాని పేరు ‘క్రాంక్ పుల్లీ’ అని మాత్రమే ఉంది. డ్యాంపర్ ఎందుకో లారీ వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతా వాళ్లకి ఒక్క మాట: ఇంజిన్ తిరిగేటప్పుడు క్రాంక్ షాఫ్ట్ కొద్దికొద్దిగా మెలి తిరుగుతూ వణుకుతుంది, దాని ముందు కొసన ఉండి ఆ మెలికని ఆపేది ఇదే. మధ్యలో హబ్, చుట్టూ బరువైన రింగు, ఆ రెంటినీ పట్టుకుని ఉండేది రబ్బరు. మంచి కంపెనీ డ్యాంపర్‌కి హబ్ మీదా రింగు మీదా ఎదురెదురుగా గీతలుంటాయి. ఆ రెండూ 1.59 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో పదహారో వంతు, అంతకంటే ఎక్కువ పక్కకు జరిగితే డ్యాంపర్ మార్చేయాలని మా ఇంజిన్ రకమైన కమిన్స్ బి సిరీస్ మాన్యువల్‌లోనే ఉంది. రింగు హబ్ మీద జారుతోందో లేదో టార్చి వేసి ఒక్క నిమిషంలో చూసుకోవచ్చు. మా బండికి వేసినదానికి ఆ గీతే లేదు.

ముందు చిన్నగా మొదలైంది. బెల్టు కింద, క్రాస్ మెంబర్ (ఛాసిస్ అడ్డ దూలం) మీద నల్లటి పొడి. మేస్త్రీ చూసి "బెల్టు పొడి అన్నా, బెల్టు మార్చేద్దాం" అన్నాడు, మార్చాడు. పొడి ఆగలేదు. తర్వాత ఫ్రంట్ ఆయిల్ సీల్ (క్రాంక్ ముందు కొస దగ్గర ఆయిల్ బయటికి రాకుండా ఆపేది) చెమర్చడం మొదలైంది, సీల్ మార్చాం, కొన్నాళ్లకి మళ్లీ చెమర్చింది. రెండూ డ్యాంపర్ జబ్బు లక్షణాలేనని అప్పుడు ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే సీల్ లీకైతే సీల్ మారుస్తారు, పొడి కనిపిస్తే బెల్టు మారుస్తారు, క్రాంక్ ముందు తిరుగుతున్న ఇనప ముద్దని ఎవరూ అనుమానించరు.

ఆ రోజు నేనే స్టీరింగ్ మీద ఉన్నాను. చిట్యాల దాటాక పంతంగి టోల్ దగ్గర లైన్‌లో బండి స్లోలో ఉన్నప్పుడు ముందు నుంచి కిర్రు కిర్రుమని సన్నటి ఇనుము చప్పుడు. ఎక్సలేటర్ తొక్కితే పోతుంది, వదిలితే మళ్లీ వస్తుంది. టోల్ దాటి పక్కకు ఆపి లైటు వేసి చూస్తే, హబ్‌కీ రింగుకీ మధ్య రబ్బరు వాచిన పంటి చిగురులా బయటికి ఉబ్బి, ఒక పక్క తెగి తోకలాగా వేలాడుతోంది. రింగు వెనక్కి జరిగి, ఇంజిన్ ముందు పక్క ఉండే గేర్ కవర్‌ని గీకుతోంది. కవర్ మీద గుండ్రంగా, తళతళలాడుతూ కొత్త గీత పడింది. డ్యాంపర్ మీద ఉండాల్సిన గీత లేదు గానీ కవర్ మీద మాత్రం పడింది.

ఇంకొంచెం దూరం లాగించి ఉంటే ఆ రింగు ఊడి ఎటు కొట్టేదో ఊహించడానికే భయం వేస్తుంది, పక్కనే రేడియేటర్ ఫ్యాను. లోడు అక్కడే వేరే బండిలోకి మార్పించాను. హమాలీ ఖర్చు నాదే, సరుకు ఆలస్యమైందని పార్టీ దగ్గర మాటలూ పడ్డాను, ఖాళీ బండిని కట్టి లాక్కుంటూ వనస్థలిపురం ఆటోనగర్ చేర్చాం. రింగు ఎన్నాళ్ల నుంచి జారుతోందో తెలియదు కాబట్టి అన్నాళ్లూ క్రాంక్ మెలికలు ఆపేవాడు లేక అలాగే తిరిగింది. క్రాంక్‌లో పగులు వచ్చిందేమోనని టెన్షన్. ఇంజిన్ దించి, క్రాంక్ బయటికి తీయించి క్రాక్ టెస్ట్ చేయించాను. పగులు లేదు, అదృష్టం. ఆ లోకల్ డ్యాంపర్ వేయించి మిగుల్చుకున్న డబ్బుకి ఎన్నో రెట్లు ఈ ఒక్క పనికే పోయింది.

ఇప్పుడు విస్కస్ డ్యాంపర్ సంగతి, పోయినదాని బదులు నేను వేయించింది ఇదే. ఇందులో రబ్బరు లేదు. సీల్ చేసిన డబ్బా లోపల బరువైన రింగు, చుట్టూ చిక్కటి సిలికాన్ ద్రవం. మన దగ్గర రబ్బరు తొందరగా పోవడానికి ఎండ ఒక కారణం, వాటర్ సర్వీసింగ్‌లో ఇంజిన్‌కి డీజిల్ కొట్టి కడగడం ఇంకో కారణం. డీజిలూ లీకైన ఆయిలూ తగిలితే రబ్బరు మెత్తబడుతుంది, ఉబ్బుతుంది. విస్కస్‌కి ఆ బాధ లేదు. ఇంకో మంచి గుణం, రబ్బర్ డ్యాంపర్ ఒక ఫ్రీక్వెన్సీకి ట్యూన్ అయి ఉంటుంది, అంటే ఒక రకం వణుకునే బాగా ఆపుతుంది, విస్కస్ మాత్రం ఇంజిన్ స్పీడ్ ఏదైనా ఎంతో కొంత పని చేస్తుంది. ఎస్‌ఎఫ్‌ఐ స్టిక్కర్ ఉందని చూపించి రేటు ఎక్కువ చెబుతారు, దానికి పడిపోకండి. అది రేసింగ్ ఇంజిన్ల కోసం పెట్టిన ప్రమాణం, విపరీతమైన స్పీడ్‌లో ముక్కలై ఎగరకుండా ఉండటానికి. అంత స్పీడ్ తిరగని లారీ ఇంజిన్‌కి దాంతో పెద్దగా పని లేదు.

షాపులో మొదట ఇచ్చిన పీస్‌కి అంచు దగ్గర చిన్న సొట్ట ఉంది. "ఏం కాదన్నా, పెయింట్ పోయింది అంతే" అన్నాడు షాపతను. నేను తీసుకోలేదు. లోపల రింగుకీ డబ్బాకీ మధ్య సందు చాలా తక్కువ, సొట్ట పడితే రింగు పట్టేస్తుంది, ఇక అది డ్యాంపర్ కాదు, ఉత్త బరువు. బిగించేటప్పుడు సుత్తి వేస్తానన్న మేస్త్రీని కూడా ఆపాను, టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బిగిసిందో చూపించే పానా) తెప్పించాకే బోల్టులు బిగించనిచ్చాను. డబ్బా మందం పాతదానికంటే ఎక్కువ, ఫ్యానుకీ దానికీ మధ్య గ్యాప్ ముందే కొలిపించడం మంచిదైంది.

వేసిన కొత్తలో బండి మెత్తగా ఉందని, స్టీరింగ్‌లో వణుకు పోయిందని కనిపించిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. అయితే అదే పనిలో ఇంజిన్ ఫౌండేషన్లు (ఇంజిన్‌ని ఛాసిస్ మీద కూర్చోబెట్టే మౌంట్లు) కూడా కొత్తవి పడ్డాయి, ఆ మెత్తదనంలో ఎక్కువ భాగం వాటిదే అయి ఉండాలి, ఎందుకంటే క్రాంక్ మెలిక క్యాబిన్‌లో చేతికి తెలిసే రకం వణుకు కాదు. నాకు నిజంగా తెలిసిన తేడా వేరే. నల్ల పొడి లేదు. ఫ్రంట్ సీల్ ఇప్పటికీ పొడిగా ఉంది. రెండు ఎండాకాలాలు దాటినా వేలితో తుడిస్తే దుమ్ము తప్ప ఆయిల్ అంటడం లేదు. నాకు అన్నిటికంటే సంతోషం ఇదే.

ఒక ఇబ్బంది చెప్పాలి. దీనికీ గీత లేదు! సీల్ చేసిన డబ్బా, లోపల సిలికాన్ ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి చివరికి పనికిరాకుండా పోతుంది, బయటికి మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. దీనికి నేను చేస్తున్నది ఇది. లోడుతో వచ్చి ఇంజిన్ ఆపగానే టెంపరేచర్ గన్‌తో డ్యాంపర్ వేడి, పక్కన గేర్ కవర్ వేడి రెండూ చూసి డైరీలో రాసుకుంటాను. విస్కస్ డ్యాంపర్ క్రాంక్ మెలికని వేడిగా మార్చి వదులుతుంది కాబట్టి పని చేస్తున్నంత కాలం అది వేడెక్కాల్సిందే. కొత్తలో వచ్చిన తేడా తగ్గుతూ వస్తే అనుమానించాలి. అందుకే దాని మీద మందంగా పెయింట్ కూడా కొట్టనివ్వను, వేడి బయటికి పోవాలి. గీత చూసినంత సులువు కాదు, డ్రైవర్‌కి అప్పజెప్పి మర్చిపోయే పని అంతకన్నా కాదు.

రేటు మంచి రబ్బర్ డ్యాంపర్‌కి రెట్టింపు పైనే. నా బండి నెలంతా హైవే మీద లోడుతో తిరుగుతుంది, ఇంకా చాలా ఏళ్లు ఉంచుకోవాలనుకుంటున్నాను, ఇంజిన్ ఒకసారి దించాల్సి వచ్చిన మనిషిని, కాబట్టి నాకు గిట్టుబాటైంది. మా తమ్ముడి టిప్పర్ సిటీలోనే తిరుగుతుంది, వచ్చే ఏడు అమ్మేస్తాడు, దానికి కంపెనీ ఒరిజినల్ రబ్బర్ డ్యాంపరే వేయించాం, గీతలు చూసుకుని, వాటి మీద తెల్ల పెయింట్ కూడా పెట్టించి. సెకండ్ హ్యాండ్ విస్కస్ మాత్రం ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు, లోపల సిలికాన్ ఎన్నేళ్లదో అమ్మేవాడికే తెలియదు.