పడవలో బ్యాటరీలు: కలిపి వాడాలా, విడగొట్టాలా?

మాది రాణిగంజ్‌లో ఇన్వర్టర్లు, బ్యాటరీల షాపు. హుస్సేన్ సాగర్‌లో తిరిగే తెరచాప పడవలు చిన్నవి, వాటికి బ్యాటరీతో పనే లేదు. అలాగని హైదరాబాద్ వాళ్లకు సముద్రంతో ఏం పని అనకండి. 2017 సెప్టెంబర్‌లో బయల్దేరి, నేవీ తెరచాప పడవ తరిణి మీద ప్రపంచమంతా చుట్టొచ్చిన ఆరుగురు నేవీ అమ్మాయిల్లో మన ఊరి బొడ్డపాటి ఐశ్వర్య ఒకరు. నాకు మాత్రం ఈ లెక్కలు మా బావ వల్ల అంటుకున్నాయి. ఆయన ఉద్యోగం మానేసి కొచ్చిలో 34 అడుగుల పాత తెరచాప పడవ కొన్నాడు.

ఓ రోజు పొద్దున్నే ఫోన్. "ఒరేయ్, తాళం తిప్పితే టక్ టక్ అంటోందే తప్ప ఇంజన్ లేవట్లేదు."

"బ్యాటరీల స్విచ్ ఎందులో పెట్టావు బావా?"

"రెండూ కలిపే ఉంచాను. రాత్రి లంగరేసి పడుకున్నాం."

ఇంకేముంది, ఫ్రిజ్, లంగరు దీపం కలిసి తెల్లారేసరికి రెండు బ్యాటరీలనూ ఊడ్చేశాయి. చివరికి పక్కనున్న చేపల పడవ వాళ్ల బ్యాటరీ అడిగి తెచ్చుకుని ఒడ్డుకు చేరాడు.

మా షాపుకీ ఇలాంటి వాళ్లు వస్తుంటారు. పాత కారు బ్యాటరీని ఇన్వర్టర్‌కు తగిలించి, రెండు నెలలకే పోయిందని గొడవ. కారు బ్యాటరీ కోసి చూపిస్తే అప్పుడు అర్థమవుతుంది: లోపల పలుచటి ప్లేట్లు బోలెడు. ఒక్కసారిగా వందల ఆంపియర్లు కక్కడానికి అవి బాగుంటాయి. ఇంజన్ తిప్పడానికి మూడు సెకన్లపాటు 300 ఆంపియర్లు లాగినా ఖర్చయ్యేది పావు ఆంపియర్-అవర్ (ఒక ఆంపియర్ గంటసేపు లాగితే ఒక ఆంపియర్-అవర్), అంతే. ఫ్రిజ్ అలా కాదు. నాలుగైదు ఆంపియర్లే లాగినా సగం రోజు నడిస్తే 50 ఆంపియర్-అవర్లు హాంఫట్. ఇలా నెమ్మదిగా, లోతుగా పిండితే పలుచటి ప్లేట్లు తట్టుకోలేవు. దానికి మందం ప్లేట్ల డీప్ సైకిల్ బ్యాటరీ కావాలి.

ఇక ఏ పద్ధతి మేలో చూద్దాం. బావ పడవలో ఉన్నది పాత పద్ధతి: ఒకే రకం బ్యాటరీలు రెండు, 'ఒకటి, రెండు, రెండూ, ఆఫ్' అని తిప్పే స్విచ్. చవక, రిపేరు తక్కువ. కానీ గుర్తుపెట్టుకుని తిప్పాల్సింది మనిషి. మతిమరుపుకు ఫ్యూజు లేదు. పైగా ఇంజన్ నడుస్తుండగా పొరపాటున ఆఫ్‌కు తిప్పితే, బ్యాటరీలను నింపే ఆల్టర్నేటర్ డయోడ్లు పోవచ్చు. నాకు ఇది నచ్చదు.

కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ పెట్టి రెండు బ్యాటరీలనూ విడదీయమంటారు కొందరు. సాధారణ డయోడ్ దగ్గరే 0.7 వోల్టు పోతుంది, బ్యాటరీ ఎప్పటికీ నిండదు. వద్దు.

మూడోది, స్టార్టర్‌కు ఒక బ్యాటరీ, ఫ్రిజ్, దీపాల్లాంటి ఇంటి వాడకానికి వేరే బ్యాటరీల గుంపు (బ్యాంకు), మధ్యలో వోల్టేజీ చూసి తానే కలిపే స్విచ్, అంటే రిలే. ఇంజన్ నడిచి వోల్టేజీ సుమారు 13.3 దాటగానే రెండింటినీ కలుపుతుంది, ఛార్జింగ్ ఆగి పడిపోగానే విడగొడుతుంది. మనం ముట్టుకోవాల్సిన పనిలేదు. ఫ్రిజ్ రాత్రంతా తాగినా స్టార్టర్ బ్యాటరీ జోలికి రాదు. లెడ్-యాసిడ్ బ్యాటరీలకు నా ఓటు దీనికే. ఇళ్లలో వాడే పొడుగు ట్యూబులర్ మాత్రం పెట్టకండి, పడవ ఒరిగితే యాసిడ్ ఒలుకుతుంది. యాసిడ్‌ను గాజు పీచులో పీల్చి ఉంచే, సీలు చేసిన ఏజీఎం రకం తీసుకోండి.

బావకు అసలు ఆశ లిథియం మీద. రోజుకు 100 ఆంపియర్-అవర్లు వాడతాడు. లెడ్ అయితే సగానికి మించి ఖాళీ చేయకూడదు, ఆ పైన 80 శాతం దాటాక నింపడం నత్తనడక. అందుకే 300 ఉంటే గానీ సుఖం లేదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 150 చాలు, బరువూ బాగా తగ్గుతుంది. కానీ దాన్ని ఆ రిలేతో కలిపితే తలనొప్పి. లిథియం ఊరికే కూర్చున్నా 13.3 దగ్గరే ఉంటుంది కాబట్టి రిలే విడిపోవడమే మర్చిపోతుంది. పైగా ఎంత ఇస్తే అంతా మింగుతుంది, చిన్న ఆల్టర్నేటర్ వేడెక్కి మాడుతుంది. రిలే తీసేసి, ఒక బ్యాటరీ కరెంటుతో ఇంకో బ్యాటరీని హద్దులో నింపే డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాలి. ఆల్టర్నేటర్ స్టార్టర్ బ్యాటరీకి, అక్కడి నుంచి ఛార్జర్ ద్వారా లిథియంకు. లిథియం లోపలి రక్షణ సర్క్యూట్ దాన్ని కట్ చేసినా ఆల్టర్నేటర్‌కు లెడ్ బ్యాటరీ తోడుంటుంది. ఖర్చు ఎక్కువే. వారాల తరబడి లంగరేసి ఉండేవాళ్లకు గిట్టుబాటు, ఆదివారం షికారుకు కాదు.

బావ నెల రోజులు ఊగిసలాడి, డబ్బు లెక్క చూసుకుని ఏజీఎం, రిలే దారే పట్టాడు. స్టార్టర్ బ్యాటరీ చచ్చిన రోజు కోసం రెండు బ్యాంకులనూ చేత్తో కలిపే స్విచ్ కూడా బిగించాం, పక్కనే ఎర్ర రంగుతో 'ఎమర్జెన్సీకే' అని రాసి. ఒక్క తీగ దగ్గర మాత్రం వాదన అయింది, అడుగున చేరే నీళ్లు తోడే పంపుది. అన్నీ ఒక స్విచ్ కింద ఉంటే పని నీటుగా ఉంటుందని ఆయన, పడవకు తాళమేసి ఊరొచ్చినా పంపు నడవాలి కదా అని నేను. మెయిన్ స్విచ్‌కు ముందే, సొంత ఫ్యూజుతో, ఇంటి బ్యాంకుకే నేరుగా కలిపాం.