సేల్స్‌ఫోర్స్ డెవలపర్ కోర్సుకి డబ్బు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

నిన్న సాయంత్రం నాలుగింటికి, నేను చదివిన కోచింగ్ సెంటర్‌కి ఫీజు వాపస్ అడగడానికి వెళ్తే అవమానించి పంపించారు. రాత్రి నిద్ర పట్టలేదు. వచ్చే సోమవారం కొత్త బ్యాచ్ అని వాళ్లు బ్యానర్ కట్టారు, నేను అక్కడున్నప్పుడే డెమోకి పిల్లలు వచ్చి కూర్చున్నారు. వాళ్లలో ఒక్కరైనా డబ్బు కట్టకముందు ఇది చూడాలని రాస్తున్నాను.

పేరు రాయను. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో తిరిగినవాళ్లకి "పాస్ గ్యారంటీ, ఫెయిలైతే ఫీజు వాపస్" అన్న మాట కొత్త కాదు. మూడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేశాను, ఉద్యోగం పోయింది, డెవలపర్ వైపు మారదామని సేల్స్‌ఫోర్స్ (కంపెనీలు తమ కస్టమర్ల వివరాలు పెట్టుకుని వాడుకునే సాఫ్ట్‌వేర్) ప్లాట్‌ఫామ్ డెవలపర్ సర్టిఫికేషన్ కోర్సులో చేరాను. 18 వేలు. అమ్మ తన చీటీని నష్టానికి పాడి ఇచ్చిన డబ్బు అది. పరీక్ష ఫీజు 200 డాలర్లు, దాని మీద పన్ను. అది వేరే.

గొడవంతా రికార్డ్ పేజీ దగ్గర మొదలైంది.

సేల్స్‌ఫోర్స్‌లో ఒక రికార్డ్ (అంటే ఒక కస్టమర్‌దో, ఒక గదిదో వివరాలు) తెరిస్తే ఏ ఫీల్డ్ (పేరు, ఫోన్ నంబర్ లాంటి ఒక్కో గడి) ఎక్కడ కనపడాలి, ఎవరికి కనపడాలి అన్నది ఒక్కచోట తేలదు. ఫీల్డ్‌ల వరస చెప్పే పేజీ లేఅవుట్ ఉంది. పేరుతో పాటు పైన కొన్ని ముఖ్యమైన వివరాలు చూపించే కాంపాక్ట్ లేఅవుట్ ఉంది. రికార్డులని రకాలుగా విడగొట్టే రికార్డ్ టైప్ ఉంది. లైట్నింగ్ (సేల్స్‌ఫోర్స్ కొత్త స్క్రీన్) యాప్ బిల్డర్ అనే టూల్‌లో మనం కట్టుకునే రికార్డ్ పేజీ ఉంది. ఇవన్నీ సరిగ్గా పెట్టినా, ఏ ఫీల్డ్ ఎవరు చూడొచ్చో చెప్పే ఫీల్డ్ లెవెల్ సెక్యూరిటీలో అనుమతి లేకపోతే ఆ ఫీల్డ్ ఆ యూజర్‌కి కనపడదు. ఇవి ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయో తెలియడమే ఇందులో అసలు చదువు. మా సార్ పేజీ లేఅవుట్ ఒక్కటే చెప్పారు, అది కూడా పాత క్లాసిక్ స్క్రీన్‌లో. రెండు గంటల్లో ముగించి "దీంతో యూఐ అయిపోయింది" అన్నారు, అంటే స్క్రీన్ మీద కనపడే భాగమంతా.

నేను ఇంట్లో ప్రాక్టీస్ కోసం హాస్టల్ గదుల మీద ఒక కస్టమ్ ఆబ్జెక్ట్ (మనమే కట్టుకునే సొంత టేబుల్) చేసుకున్నాను. అందులో అడ్వాన్స్ అనే ఫీల్డ్ కొత్తగా పెట్టి, పేజీ లేఅవుట్‌లోకి లాగి సేవ్ చేశాను. రికార్డ్ తెరిస్తే కనపడదు. మళ్లీ చేశాను, కనపడదు. మర్నాడు క్లాసులో ల్యాప్‌టాప్ తీసుకెళ్లి అడిగాను.

"కాష్ క్లియర్ చెయ్యమ్మా" అన్నారు. చేశాను. "లాగౌట్ అయి లాగిన్ అవ్వు" అన్నారు. అయ్యాను. మూడోసారి అడిగేసరికి ముప్పై మంది ముందు "నీ ఆర్గ్ పాడైపోయింది. కొత్తది తీసుకో. చిన్న చిన్నవాటికి క్లాసు ఆపితే సిలబస్ ఎప్పుడవుతుంది, నువ్వు చెప్పు" అన్నారు. ఆర్గ్ అంటే సేల్స్‌ఫోర్స్‌లో ప్రాక్టీస్ కోసం తీసుకునే మన సొంత ఖాతా. తలవంచుకుని కూర్చున్నాను. ఇంటికెళ్లి కొత్త డెవలపర్ ఆర్గ్ తీసుకున్నాను. అందులో ఫీల్డ్ కనపడింది! సార్ చెప్పిందే నిజమని నమ్మాను. అక్కడే నా తప్పు. పది రోజుల తర్వాత కొత్త ఆర్గ్‌లోనూ అదే సమస్య వస్తే ఇంకో ఆర్గ్ తీసుకున్నాను తప్ప, ఎందుకు వస్తోందని ఒక్కపూట కూర్చుని వెతకలేదు. అలా మూడు ఆర్గ్‌లు మార్చాను.

ఆర్గ్ పాడవలేదు. యాప్ బిల్డర్‌లో రికార్డ్ వివరాల భాగాన్ని ఎంచుకున్నప్పుడు డైనమిక్ ఫారమ్స్‌కి (ఫీల్డ్‌లని నేరుగా ఆ పేజీ మీదే పెట్టుకునే పద్ధతికి) మారమని ఒక బటన్ వస్తుంది. తెలియక నేనే అది నొక్కాను. ఒకసారి మారాక ఫీల్డ్‌లు యాప్ బిల్డర్‌లో ఆ పేజీ మీద పెట్టిన వరసలోనే వస్తాయి. పేజీ లేఅవుట్‌లో కొత్త ఫీల్డ్ ఎన్నిసార్లు పెట్టినా అక్కడికి దానంతటదే రాదు. ఇంతే. ఒక్క వాక్యం. ఆ వాక్యం చెప్పడానికి 18 వేలు తీసుకున్న మనిషికి అది తెలియదు. తెలియదని ఒప్పుకునే బదులు నా బుర్రనే తప్పు పట్టారు.

పేజీలో పెట్టడానికి మనమే కోడ్‌తో రాసుకునే ముక్క, లైట్నింగ్ వెబ్ కాంపొనెంట్, దాని దగ్గరా ఇదే కథ. రికార్డ్‌ని చూపించడానికి రికార్డ్ ఫారమ్ కాంపొనెంట్ ఒకటుంది. ఆబ్జెక్ట్ పేరు, రికార్డ్ ఐడీ, లేఅవుట్ టైప్ ఫుల్ కావాలో కాంపాక్ట్ కావాలో చెబితే చాలు, ఒక్క లైను అపెక్స్ (సేల్స్‌ఫోర్స్ సొంత కోడింగ్ భాష) రాయకుండా స్క్రీన్ వచ్చేస్తుంది. అది ఫీల్డ్ లెవెల్ సెక్యూరిటీని కూడా పాటిస్తుంది. నేను రాసిన కాంపొనెంట్ యాప్ బిల్డర్ లిస్టులో కనపడలేదు. కనపడాలంటే దాని సెట్టింగ్స్ ఉండే మెటా ఫైల్‌లో ఈజ్‌ఎక్స్‌పోజ్డ్ అన్నది ట్రూ పెట్టాలి, టార్గెట్స్‌లో రికార్డ్ పేజీ ఇవ్వాలి. అడిగితే "అది ఎగ్జామ్‌కి అక్కర్లేదు, నేనిచ్చిన మాక్ పేపర్లు చదువుకో చాలు" అన్నారు.

ఆ మాక్ పేపర్లు. "అసలు ఎగ్జామ్ ప్రశ్నలే ఇవి, బయట ఎవరికీ ఇవ్వకండి" అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ మాట విన్నరోజే లేచి వచ్చేయాల్సింది. నిజంగా అసలు ప్రశ్నలే అయితే అవి చదవడం సర్టిఫికేషన్ ఒప్పందానికి విరుద్ధం, వచ్చిన సర్టిఫికెట్ కూడా రద్దు చేయొచ్చు. కాకపోతే అబద్ధం చెప్పి అమ్మారు. రెండూ తప్పే. భయపడుతూనే చదివాను, అదీ ఒప్పుకుంటాను. పైగా అందులో జవాబులే తప్పు. కాంపాక్ట్ లేఅవుట్‌ని ప్రొఫైల్‌ని (ఒక యూజర్‌కి ఏమేం అనుమతులున్నాయో చెప్పేది) బట్టి కేటాయిస్తారని ఉంది. కాదు, రికార్డ్ టైప్‌ని బట్టి కేటాయిస్తారు. పేజీ లేఅవుట్‌కే రికార్డ్ టైప్, ప్రొఫైల్ రెండూ. తప్పు జవాబుల్ని నెల రోజులు బట్టీ పట్టాను.

పరీక్షలో 60 ప్రశ్నలు, 105 నిమిషాలు, పాస్ కావాలంటే 68% రావాలి. ఏ ప్రశ్నలు వచ్చాయో రాయను, బయటపెట్టనని ఒప్పుకునే కూర్చున్నాను. యూజర్ ఇంటర్‌ఫేస్ అన్న భాగానికి 25% వెయిటేజీ ఉంది. అందులో నాకు వచ్చింది 33%. ఫెయిల్.

ఇక నిన్నటి సంగతి. రసీదు, రిజల్ట్ ప్రింట్ పట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. గొడవకి వెళ్లలేదు. ఫీజు వాపస్ అన్నారు కదా, సగం ఇచ్చినా మళ్లీ రాయడానికి 100 డాలర్లు కట్టుకుందామని వెళ్లాను. కౌంటర్‌లో ఆయన రసీదు వెనక్కి తిప్పి చూపించారు. చిన్న అక్షరాల్లో "హాజరు 100% ఉన్నవారికి మాత్రమే" అని ఉంది. చేరేటప్పుడు ఆ వైపు ఎవరూ చూపించలేదు, నేనూ చూడలేదు. జ్వరం వచ్చి రెండు రోజులు రాలేదు నేను.

ఈలోగా సార్ లోపల్నించి వచ్చారు. మూడు ఆర్గ్‌ల సంగతి, డైనమిక్ ఫారమ్స్ సంగతి నెమ్మదిగానే చెప్పాను. "సార్, ఇది మీరు చెప్పి ఉంటే బాగుండేది" అన్నాను, అంతే. ఆయన డెమోకి వచ్చినవాళ్ల వైపు చూసి "కొంతమందికి ఎంత చెప్పినా ఎక్కదు, వీళ్లకి కోడింగ్ ఎందుకో" అన్నారు. అంటూనే జేబులోంచి ఫోన్ తీశారు. నా చేతిలో వాట్సాప్ గ్రూపు తెరిచే ఉంది, ఆయన క్లాసులో అన్న మాటల గురించి నేను ఆ రోజుల్లోనే గ్రూపులో పెట్టిన మెసేజ్ చూపిద్దామని. చూస్తుండగానే నన్ను గ్రూపులోంచి తీసేశారని స్క్రీన్ మీద వచ్చింది. నేను ఆయనకి రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. క్లాసుల రికార్డింగ్ లింకులు నొక్కితే యాక్సెస్ లేదని వచ్చింది. "ఇంకేం కావాలమ్మా?" అన్నారు.

నోట మాట రాలేదు. మెట్లు దిగి బస్టాపు దాకా నడిచాక ఏడుపొచ్చింది. అమ్మకి ఇంకా చెప్పలేదు.

ఈ ఉదయం 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు చేశాను. రసీదు రెండు వైపులా, వాళ్ల బ్యానర్ ఫోటో దాచిపెట్టాను.

ఎవరైనా చేరబోతుంటే డెమోలోనే సార్‌ని యాప్ బిల్డర్ తెరిచి ఒక రికార్డ్ పేజీ మీద ఫీల్డ్ దాచి చూపించమనండి, రెండు నిమిషాల పని. మొత్తం ఫీజు ఒకేసారి కట్టకండి. డెవలపర్ ఆర్గ్ ఉచితం, సేల్స్‌ఫోర్స్ వాళ్లదే నేర్చుకునే సైటు ట్రైల్‌హెడ్, అదీ ఉచితం. నేను పైన రాసినవన్నీ ఫెయిలయ్యాక అక్కడే నేర్చుకున్నాను, నాలుగు సాయంత్రాలు పట్టింది.

ఆ బ్యాచ్‌లో నాతో చదివి ఫెయిలైనవాళ్లు ఇంకా ఉన్నారని తెలుసు. మీ దగ్గర రసీదు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. విడివిడిగా వెళ్తే ఒక్కొక్కళ్లనీ ఇలాగే పంపించేస్తారు, కలిసి ఫిర్యాదు చేద్దాం.