కాలిక్యులస్ హోమ్‌వర్క్: నోటుబుక్కా, ఆన్‌లైనా? ఏది మేలు?

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలో ఫస్టియర్ సెక్షన్ అంటే 60 మంది అనుకుందాం. తలా 10 లెక్కలు ఇస్తే 600 లెక్కలు. ఒక్కోదానికి నిమిషం పెట్టి దిద్దినా పది గంటలు. అంత తీరిక ఏ మ్యాథ్స్ లెక్చరర్‌కూ ఉండదు. కాబట్టి అసైన్‌మెంట్ నోటుబుక్కులో చివరికి పడేది ఒక టిక్కు, ఒక సంతకం, తేదీ. తప్పు ఎక్కడ జరిగిందో పిల్లలకు మిడ్ పేపర్ చేతికొచ్చేదాకా తెలియదు. హాస్టల్లో అయితే ఒకరు చేస్తే చాలు, తెల్లారేసరికి ఆ అంతస్తంతా ఎక్కించేసుకుంటుంది.

ఆన్‌లైన్ హోమ్‌వర్క్ బాగుచేసేది ముఖ్యంగా ఈ రెండు చిక్కులనే. సమాధానం కొట్టగానే తప్పో ఒప్పో తేలిపోతుంది. లెక్క ఒకటే అయినా అంకెలు ఒక్కొక్కరికి వేరుగా వస్తాయి. అంతమాత్రాన కాపీ పోయిందనుకోవద్దు. ఫోటో తీస్తే లెక్క చేసిపెట్టే యాప్‌లు చాలామంది పిల్లల ఫోన్లలో ఉన్నాయి. అందుకే దీనికి మార్కులు కొద్దిగా పెట్టి, ప్రయత్నాలు ధారాళంగా ఇవ్వడం మేలు. మార్కులు పెంచినకొద్దీ యాప్‌ల వాడకమే పెరుగుతుంది.

నోటుబుక్కును తీసిపారేయడానికి మాత్రం లేదు. సెమిస్టర్ పరీక్ష కాగితం మీదే, మార్కులు స్టెప్పులకే. రోల్స్ సిద్ధాంతం వర్తిస్తుందని చెప్పాలంటే మూసిన అంతరంలో అవిచ్ఛిన్నత, లోపలి అంతరంలో అవకలనీయత, రెండు కొసల్లో ఒకే విలువ అని మూడు షరతులూ రాసి చూపాలి. పెట్టెలో ఒక అంకె కొట్టించుకునే సిస్టమ్ ఆ రాత నేర్పదు.

ఇక ఆన్‌లైన్లో ఏది? కాలేజీలో ఇప్పటికే మూడుల్ (Moodle, పాఠాలు, క్విజ్‌లు ఆన్‌లైన్లో నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటే చాలామంది దాని మామూలు క్విజ్‌తోనే సరిపెట్టుకుంటారు. బిట్లకు అది చాలు. కానీ సమాసాన్ని (ఎక్స్‌ప్రెషన్‌ను) సమాసంగా చూసే తెలివి దానికి లేదు. సైన్ స్క్వేర్ అని ఒకరు, 1 మైనస్ కాస్ స్క్వేర్ అని ఇంకొకరు రాస్తే రెండూ ఒకటేనని గుర్తించలేదు. వెబ్‌అసైన్, మైల్యాబ్ లాంటివి డబ్బు కట్టి వాడుకునేవి, విదేశీ పాఠ్యపుస్తకాలకు ముడిపడినవి. మన సిలబస్‌కు వాటి జోలికి పోనక్కర్లేదు. ఉచితంగా దొరికేవాటిలో పోటీ మూడింటి మధ్యే: వెబ్‌వర్క్, మై ఓపెన్ మ్యాథ్, స్టాక్.

వెబ్‌వర్క్ 1990లలో రోచెస్టర్ యూనివర్సిటీలో పుట్టింది. దాని అసలు బలం ప్రశ్నల భాండాగారం: వేలకొద్దీ లెక్కలు, కాలిక్యులస్‌వే బోలెడు. సమాధానాన్ని అది బీజగణితంతో పోల్చదు. ఎక్స్‌కు కొన్ని విలువలు తానే ఎంచుకుని, మీ సమాసం విలువనూ సరైన సమాసం విలువనూ పోల్చి చూస్తుంది. మామూలు సెట్టింగులో 0.1 శాతం తేడా దాకా ఒప్పుకుంటుంది. 1/3 రావాల్సిన చోట 0.33 కొడితే తప్పు, 0.3333 కొడితే ఒప్పు. సొంతంగా లెక్క తయారుచేసే సార్లకు ఇక్కడే ఒక గొయ్యి ఉంది. ఎక్స్ విలువలు మామూలుగా మైనస్ 2 నుంచి 2 దాకా తీసుకుంటుంది. జవాబులో ఎక్స్ మైనస్ 3కి వర్గమూలం ఉంటే ఆ పరిధిలో ఒక్క విలువా పనికిరాదు, ఎర్రర్ వస్తుంది. పరిధిని 4 నుంచి 8 అని మనమే రాసిపెట్టాలి. ఇక లినక్స్ సర్వర్, దాన్ని సెలవుల్లోనూ కనిపెట్టుకుని ఉండే మనిషి తప్పనిసరి. సీఎస్‌ఈ డిపార్ట్‌మెంట్‌లో అలాంటివారు లేకపోతే ఈ ఆలోచన మానుకోవడమే మంచిది.

మై ఓపెన్ మ్యాథ్‌కు సర్వర్ బాధ లేదు. అది నేరుగా వాడుకునే వెబ్‌సైట్, డేవిడ్ లిప్‌మన్ తయారుచేసిన ఐమ్యాథ్ఏఎస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. టీచర్ అకౌంట్ పరిశీలించాకే ఇస్తారు, కాబట్టి సెమిస్టర్ మొదలు కాకముందే అడగాలి. సమాధానం పెట్టె దగ్గర భిన్నం, వర్గమూలం, ఘాతం బటన్లు కనిపిస్తాయి. ఫోన్ మీద చేసేవాళ్లకు ఇది చిన్న సౌకర్యం కాదు.

మూడోది స్టాక్. క్రిస్ సాంగ్విన్ మొదలుపెట్టిన ఈ ప్లగిన్ మూడుల్‌లో కూర్చుంటుంది, లోపల మాక్సిమా అనే బీజగణిత సాఫ్ట్‌వేర్‌తో దిద్దుతుంది. మిగతా రెండింటి కన్నా దీని గొప్ప ఏమిటో ఒక లెక్కతో చూద్దాం. ఇ టు ది పవర్ ఆఫ్ వై స్క్వేర్‌ను వై ఎక్స్ నుంచి 1 దాకా, ఎక్స్ 0 నుంచి 1 దాకా సమాకలనం చేయాలి. ఉన్న క్రమంలో జరగదు, క్రమం మార్చాలి. మారిస్తే ఎక్స్ 0 నుంచి వై దాకా, వై 0 నుంచి 1 దాకా. జవాబు (ఇ మైనస్ 1) బై 2, అంటే 0.8591. బొమ్మ గీయకుండా హద్దులు వేసేవాళ్లు ఎక్స్‌ను వై నుంచి 1 దాకా తీసుకుంటారు, వాళ్లకు 0.6035 వస్తుంది. ఏ జవాబు వస్తే ఏం చెప్పాలో స్టాక్‌లో ముందే చెట్టులా కట్టిపెట్టవచ్చు. ఆ తప్పుల చెట్టులో ఈ విలువను కూడా ఒక కొమ్మగా పెట్టామా, ఉత్త ‘తప్పు’ అనకుండా ‘గీతకు అవతలి త్రిభుజం తీసుకున్నారు, బొమ్మ మళ్లీ గీయండి’ అని తెలుగులోనే చెబుతుంది. సమాకలనం చివర ప్లస్ సి (స్థిరాంకం) మరిచిపోయినా అంతే, విడిగా చెప్పించవచ్చు. అయితే ఒక లెక్కకు ఇలా కొమ్మలన్నీ కట్టి, సరిచూసుకునేసరికి ఓ సాయంత్రం పోతుంది.

ఏ సిస్టమైనా ఈ లెక్కలో జవాబు పెట్టె ఒక్కటే పెట్టకండి. ఏదో వెబ్‌సైట్లో 0.859 రాబట్టి కొడితే క్రమం మార్చకుండానే గట్టెక్కుతారు. నాలుగు హద్దులకు నాలుగు పెట్టెలు పెట్టి, జవాబుకు ఐదోది ఇవ్వండి.

అంకెలు మార్చే చోట కూడా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఎక్స్ టు ది పవర్ ఎన్ సమాకలనంలో ఎన్‌ను మైనస్ 3 నుంచి 3 దాకా వదిలేస్తే, మైనస్ 1 పడ్డవారికి లాగ్ వస్తుంది. మిగతా అందరికీ ఒక నిమిషం లెక్క, వాళ్లకు వేరే పాఠం. దాన్ని ముందే మినహాయించాలి.

మా మాట ఇది: ఒక్క లెక్చరర్ తన సెక్షన్‌కే మొదలుపెడితే మై ఓపెన్ మ్యాథ్. కాలేజీలో మూడుల్ నడుస్తూ, లెక్కలు రాయడానికి ఇద్దరు ముగ్గురు కలిసొస్తే స్టాక్. అవకలనాలు, పాక్షిక అవకలనాలు, సులువు సమాకలనాలు ఆన్‌లైన్‌కు. మీన్ వాల్యూ సిద్ధాంతాలు, బొమ్మ గీయాల్సిన ద్విసమాకలనాలు వారానికి ఒక్కటైనా నోటుబుక్కులో. ఆ ఒక్కదాన్ని మాత్రం నిజంగా దిద్దాలి. 60 లెక్కలైతే రెండు గంటల్లో పూర్తవుతుంది.

మొదటి వారం సెట్‌కు మార్కులు వద్దు, టైపింగ్ కోసమే ఇవ్వండి. ఫోన్ కీబోర్డులో ఘాతం గుర్తు ^ మామూలుగా రెండో గుర్తుల పేజీలో దాక్కుని ఉంటుంది. మొదటి అక్షరాన్ని ఫోన్ తనంతట తానే పెద్దది చేస్తుంది, చిన్న ఎక్స్ పెద్ద ఎక్స్ అయిపోయి సరైన జవాబు తప్పుగా పడుతుంది. 1 బై 2ఎక్స్ అని బ్రాకెట్ లేకుండా కొడితే సగం ఎక్స్ అనే అర్థం చేసుకునే అవకాశం ఉంది. స్టాక్‌లో సెట్టింగు మార్చకపోతే 2కీ ఎక్స్‌కీ మధ్య * లేనిదే ఒప్పుకోదు, కానీ అందుకు మార్కు కోయదు. లాగ్ అంటే ఏ ఆధారమో ప్రశ్నలోనే రాయండి: స్టాక్ దాన్ని సహజ లాగరిథమ్‌గానే తీసుకుంటుంది.