పిరికి కాకటీల్‌కి కొర్ర కంకి: చాన్నాళ్లు వాడాక రాస్తున్న రివ్యూ

ముందు వస్తువు ఏంటో చెప్పేస్తా. పెట్ షాపుల్లో, ఆన్‌లైన్లో మిల్లెట్ స్ప్రే అని నాలుగైదు కంకులు కవర్లో పెట్టి అమ్ముతారు చూశారా, అది మన కొర్ర కంకే, నూర్చకుండా ఎండబెట్టింది. నేను మొదట్లో ఆ కవర్లే కొన్నా, తర్వాత ఏజెన్సీ (అరకు వైపు కొండ ప్రాంతం) నుంచి తెప్పించుకోవడం అలవాటైంది, ఇప్పుడు రెండూ వాడిన అనుభవంతో రాస్తున్నా. చేతిని చూస్తే వణికిపోయే పిట్టని మచ్చిక చేసుకోడానికి ఇంతకంటే పనికొచ్చేది నాకైతే దొరకలేదు. ఐదుకి నాలుగున్నర ఇస్తా. ఆ అర ఎక్కడ పోయిందో కింద చెప్తా.

మా వాడి పేరు చిన్నోడు. గ్రే కాకటీల్, అంటే చిలక జాతిలోనే బూడిద రంగు చిన్న పిట్ట. తెచ్చినప్పుడు మగో ఆడో కూడా తెలీదు, మొదటిసారి ఈకలు రాలి కొత్తవి వచ్చాక మొహం పసుప్పచ్చగా తేలి ఈలలు మొదలుపెట్టాడు, అప్పుడు మగాడని అర్థమైంది. కొన్నచోట ఒకే కేజ్‌లో బోలెడు పిట్టలు, ఎవరైనా అడిగితే చెయ్యి లోపలికి దూర్చి దొరికినదాన్ని పట్టుకుని లాగడమే. ఇంక వాడికి చెయ్యి అంటే ఏం అర్థమవుతుంది చెప్పండి. మా ఇంటికొచ్చాక నీళ్ల గిన్నె మార్చడానికి చెయ్యి పెట్టినా వెనక ఊచలకి గుద్దుకునేవాడు, తల మీద కుచ్చు వెనక్కి అతుక్కుపోయేది, నోరు తెరిచి బుస్సుమనేవాడు.

ఆ కుచ్చే కాకటీల్ మనసు. నిటారుగా లేస్తే ఉలిక్కిపడింది లేదా దేన్నో గమనిస్తోంది, తలకి అంటుకుపోతే భయమో కోపమో, కొంచెం వెనక్కి వాలి వదులుగా ఉంటే హాయిగా ఉన్నట్టు. నేను చేసిందంతా ఆ కుచ్చు చూసుకుంటూ చేసిందే, గడియారం చూసుకుని కాదు.

సరే, కంకే ఎందుకంటే, పొడుగు. జానెడు ఉంటుంది మామూలుగా. పొద్దుతిరుగుడు గింజ పట్టుకుంటే పిట్ట మన వేళ్ల దాకా వచ్చి తీరాలి, పిరికి పిట్ట రాదు, గింజ కోసం మెడ సాచి మళ్లీ వెనక్కి పోతుంది. కంకైతే ఒక చివర మన చెయ్యి, ఇంకో చివర దాని ముక్కు, మధ్యలో దానికి కావల్సినంత దూరం. తింటున్న కొద్దీ ఆ దూరం తగ్గిపోతుంది, అదీ పిట్ట తనంతట తాను తగ్గించుకుంటుంది, మనం ముందుకు తోయక్కర్లేదు. నాకు ఈ వస్తువులో బాగా నచ్చింది ఇదే.

కంకి ఇచ్చేముందు కొన్నాళ్లు అసలు చెయ్యే పెట్టలేదు, గిన్నెలు మార్చడానికి తప్ప. కేజ్‌ని హాల్లో మూలన, రెండు పక్కలా గోడ వచ్చేలా, మన కళ్ల ఎత్తులో పెట్టా. పక్కకి తిరిగి కూర్చుని ఫోన్ చూసుకునేవాణ్ని, అప్పుడప్పుడు మెల్లగా మాట్లాడుతూ. ఎదురుగా కూర్చుని రెండు కళ్లతో గుచ్చి చూడడం పిల్లి చేసే పని, గద్ద చేసే పని. చిలక జాతి కళ్లు పక్కలకి ఉంటాయి, నచ్చినదాన్ని తల వంచి ఒక కంటితో చూస్తాయి. నేను అక్కడుండగానే వాడు గిన్నె దగ్గరికొచ్చి తిన్నరోజు నాకు పండగే. తర్వాత ఒంటికాలి మీద నిలబడ్డం, ముక్కు కటకటా నూరుకోవడం, నా ముందే ఈకలు దువ్వుకోవడం మొదలయ్యాయి. పిట్ట భయం తగ్గి హాయిగా ఉందనడానికి ఇవే గుర్తులు, ఇవి రాకుండా కంకి తీసుకెళ్లినా లాభం ఉండదు.

ఇంకోటి, షాపు పిట్టలకి చాలావాటికి కంకి అంటే ఏంటో తెలీదు. చిన్నోడు మొదట దాన్ని చూసే భయపడ్డాడు. అందుకే మొదటి ఒక్కసారి చిన్న ముక్క లోపల క్లిప్పుతో పెట్టి వదిలేశా, రుచి తెలియాలి కదా. ఆ తర్వాత మాత్రం కంకి నా చేతిలోనే, ఇంకెక్కడా దొరకదు, ఎప్పుడూ. కేజ్‌లో వేలాడదీసి ఉంచేవాళ్లు దాని విలువ మొత్తం పోగొట్టుకుంటున్నారని నా అభిప్రాయం.

మొదట ఊచల బయటి నుంచే, చివరి అంచు మాత్రం లోపలికి. వాడు వెనక్కి వాలడం మొదలుపెట్టగానే నేను కంకిని అంగుళం వెనక్కి తీసుకునేవాణ్ని, వాడు ఎగిరి పారిపోకముందే. మొత్తం విషయం ఇక్కడే ఉందండీ, దయచేసి ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. చాలామంది పిట్ట పారిపోయేదాకా చెయ్యి చాపి, పారిపోయాక అయ్యో అనుకుంటారు. పారిపోతే తప్ప ఈ మనిషి ఆగడు అని పిట్ట నేర్చుకుంటుంది అప్పుడు. నేను కొంచెం వాలితే చాలు ఆగుతాడు అని తెలిస్తే దానికి పారిపోవాల్సిన అవసరమే ఉండదు, ఆ ధైర్యంతోనే ముందుకొస్తుంది. చిన్నోడు అలాగే వచ్చాడు, ఓ సాయంత్రం ఒక్క గింజ లాక్కుని రెండడుగులు వెనక్కేసి నన్ను చూస్తూ పొట్టు ఒలుచుకున్నాడు, నేను కదలకుండా నాలుకతో టక్ మని చిన్న శబ్దం చేశా. తర్వాత ప్రతిసారీ గింజ అందుకోగానే అదే టక్. శిక్షణ ఇచ్చేటప్పుడు టక్ మనిపించే క్లిక్కర్ కొనక్కర్లేదు, నాలుక చాలు, ఎప్పుడూ మనతోనే ఉంటుంది.

మా అమ్మ వంటింట్లోంచి "ఒరే, అలా చెయ్యి చాపుకుని ఎంతసేపు కూర్చుంటావురా, అన్నం చల్లారిపోతోంది" అనేది. కానీ అమ్మకి వాడు వేరే దారిలో దగ్గరయ్యాడు. రోజూ కేజ్ పక్కన కూర్చుని ఆకుకూర బాగుచేస్తూ తనలో తాను ఏదో పాడుకుంటూ ఉంటుంది, వాడి వైపు చూడనే చూడదు, అదే వాడికి నచ్చింది. నా చేతికి అలవాటుపడ్డాడు కదా అని మా తమ్ముడు చెయ్యి పెడితే మళ్లీ బుస్సుమన్నాడు. ఒకరి మీద నమ్మకం ఇంకొకరికి చెల్లదు, ఇంట్లో ఎవరికి వాళ్లు మొదటినుంచి సంపాదించుకోవాల్సిందే.

తర్వాత తలుపు తీసి కంకి, ఆ తర్వాత కంకి వెనక వేలు అడ్డంగా, తినాలంటే ఒక కాలు వేలు మీద పెట్టాలి. ఒక కాలు పెట్టి తీసేస్తే తీసెయ్యనిచ్చా. వాడు బయటికొచ్చే టైంకి సీలింగ్ ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, అద్దానికి గుడ్డ కప్పి ఉండాలి, మన విశాఖ ఉక్కలో ఫ్యాన్ ఆపడం కష్టమే కానీ వేరే దారి లేదు. రెక్కలు నేను కత్తిరించలేదు. ఎగిరిపోగలిగీ చేతి మీద ఉన్నప్పుడే కదా ఉంటున్నట్టు.

పిట్టని ఆకలితో ఉంచితే చేతికి వస్తుంది అని వీడియోల్లో చెప్తారు, గిన్నె తీసెయ్యమంటారు. వద్దండి. ఇంత చిన్న ఒంటికి తిండి గబగబా ఖర్చయిపోతుంది, ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచకూడదు. మా ఇంట్లో గిన్నె ఎప్పుడూ నిండే ఉంది, అయినా కంకికి వచ్చాడు. కాకటీల్ సరిగ్గా చూసుకుంటే 15-20 ఏళ్లు బతుకుతుంది, ఇంక తొందర దేనికి.

అసలు పరీక్ష నేవీ వాళ్ల విన్యాసాలప్పుడు. మేం ఉండేది విశాఖ బీచ్ దగ్గర చినవాల్తేరు. 2022లో నేవీ డే ప్రధాన కార్యక్రమం డిసెంబర్ 4న మన ఆర్కే బీచ్‌లోనే జరిగింది, రాష్ట్రపతి కూడా వచ్చారు, దానికి ముందు రిహార్సల్స్‌లో జెట్లు, హెలికాప్టర్లు ఇంటి మీదుగా పోతుంటే అద్దాలు అదిరేవి. చిన్నోడు కేజంతా కొట్టుకున్నాడు, ఆ రాత్రి చీకట్లో కూడా ఉలిక్కిపడి రెక్కలు బాదుకున్నాడు. రాత్రి భయాలు కాకటీల్స్‌కి మామూలే, అప్పట్నుంచి చిన్న జీరో బల్బు వెలిగించి ఉంచుతున్నాం. మర్నాడు కంకి పెడితే ముట్టుకోలేదు. భయపడ్డ పిట్ట తినదు, అందుకే కంకి నాకు థర్మామీటర్‌లా కూడా పనికొచ్చింది, తింటున్న దూరాన్ని బట్టి ఎంత భయం మిగిలుందో తెలిసిపోతుంది. మళ్లీ ఊచల బయటి నుంచి మొదలుపెట్టాం, కానీ ఈసారి చాలా తొందరగా వచ్చేశాడు, పోయిందనుకున్న నమ్మకం ఎక్కడికీ పోలేదు. 2025 జనవరి 4న బీచ్‌లో మళ్లీ విన్యాసాలు జరిగితే కేజ్‌ని లోపలి గదిలోకి మార్చి పక్కన కూర్చున్నా, కుచ్చు లేచింది గానీ కొట్టుకోలేదు.

ఇంక తగ్గించిన అర మార్కు. మన సముద్రం గాలికి కంకి తొందరగా మెత్తబడుతుంది, బూజు పడుతుంది, పురుగు కూడా. కవర్ తెరిచాక మూత గట్టిగా ఉన్న స్టీల్ డబ్బాలోనే ఉంచాలి, కొత్తగా తెచ్చినవి రెండు మూడు రోజులు ఫ్రీజర్లో పెడితే పురుగు చస్తుంది. ముక్కవాసన వస్తే ఆలోచించకుండా పారేయండి, బూజు పిట్టలకి చాలా ప్రమాదం. పొట్టు ఇల్లంతా ఎగురుతుంది, రోజూ ఊడవాల్సిందే. పైగా ఇది ఎక్కువ పిండి పదార్థం, పూర్తి భోజనం కాదు. వేలెడు ముక్క కత్తెరతో కోసి అదే రోజంతటికీ. ఉట్టి గింజల మీద పెరిగిన చిలక జాతి పిట్టలకి విటమిన్ ఎ తక్కువవుతుంది, అందుకని మునగాకు, క్యారెట్ తురుము, కొత్తిమీర, మొలకెత్తిన చోళ్లు (రాగులు) కూడా పెడతాం.

ఎక్కడ కొనాలంటే, అత్యవసరమైతే షాపు కవరే, కానీ రేటు ఎక్కువ, ఎప్పటి సరుకో తెలీదు. నాకు నచ్చింది అరకు సంతలో తెచ్చినవి. అక్కడ అందరూ నూర్చిన కొర్రలే అమ్ముతారు, కంకులు కావాలని అడిగితే ఒక ముసలామె "కంకులేటి సేసుకుంటావు బాబూ" అంది. పిట్టకమ్మా అంటే "సేలో పిట్టల్ని తోలలేక సత్తన్నాం, నువ్వు కొని మరీ పెడతావేటి" అని పగలబడి నవ్వి, మరుసటి సంతకి ఓ కట్ట తెచ్చిపెట్టింది. మందు కొట్టిన పంట కాదని అడిగి తీసుకోండి, విత్తనానికి రంగు మందు పట్టించినవి అస్సలు వద్దు.

మా అపార్ట్‌మెంట్లో ఒకరు ఇదే పద్ధతి రామచిలకకి పనిచేస్తుందా అని అడిగారు. రామచిలకని పెంచడమే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, దాని జోలికి పోకండి. బడ్జీలు, లవ్‌బర్డ్స్ లాంటి చిన్న పెంపుడు చిలకలకి మాత్రం కంకి బ్రహ్మాండంగా నచ్చుతుంది.

చివరిగా ఒకటి. మీ పిట్ట ఈకలు ఉబ్బించుకుని కేజ్ అడుగున కూర్చుంటున్నా, ఊపిరితో పాటు తోక పైకీ కిందకీ ఆడుతున్నా, రెట్ట రంగు మారినా అది పిరికితనం కాదు, జబ్బు. పిట్టలు జబ్బుని చివరిదాకా దాచుకుంటాయి, మనకి కనపడేసరికే ఆలస్యం అయి ఉంటుంది. అప్పుడు కంకి పక్కనపెట్టి ఆరోజే పిట్టల్ని చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.